చెన్నై బీచ్‌లో వెతకడానికి మెటల్ డిటెక్టర్ కాయిల్ ఎంత సైజు ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఉండే మన తెలుగువాళ్ళు, నెల్లూరు, సూళ్ళూరుపేట వైపు నుంచి ఆదివారాలు వచ్చిపోయేవాళ్ళు డిటెక్టర్ కొన్న వారం లోపే అడిగే ప్రశ్నలివి. అన్నీ కాయిల్ చుట్టూనే, అంటే డిటెక్టర్ కడ్డీ చివర ఉండి ఇసుక మీద ఊపే ఆ పలక చుట్టూనే తిరుగుతాయి. మెషిన్ గురించి నెలల తరబడి చదివి కొంటారు, కాయిల్ గురించి మాత్రం "పెద్దదైతే మంచిది" అన్న ఒక్క మాట నమ్మి డబ్బు పోసేస్తారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక్క ముక్కలో చెప్పండి, ఏ సైజు కొనాలి?

10 లేదా 11 అంగుళాల డీడీ కాయిల్ (డీడీ అంటే ఏంటో కింద చెప్తాను). బీచ్‌కి పనికొచ్చే చాలా మెషిన్లకి అది డబ్బాలోనే వస్తుంది కాబట్టి విడిగా కొనే పని ఉండకపోవచ్చు. రెండో కాయిల్‌కి డబ్బుంటే 6 అంగుళాలది తీసుకోండి. 15 అంగుళాలది ఆ తర్వాతి మాట, చాలామందికి అసలు అక్కర్లేదు.

పెద్ద కాయిల్ అంటే ఎక్కువ లోతు కదా, మరి చిన్నది ఎందుకు?

లోతు పెరుగుతుంది, కాదనను. అయితే మనం ఊహించుకున్నంత పెరగదు. కాయిల్ కిందికి పంపే అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది, అది వస్తువుని తాకాక తిరిగి వచ్చే సిగ్నల్ కూడా మళ్ళీ అంతే వేగంగా తగ్గుతుంది. బాగా లోతున ఉన్న చిన్న వస్తువు దగ్గర దూరం రెట్టింపైతే సిగ్నల్ దాదాపు 64వ వంతుకి పడిపోతుంది. అందుకే 11 నుంచి 15 అంగుళాలకి మారినా ఉంగరం మీద మీకు వచ్చే లాభం అంగుళమో, రెండంగుళాలో. దానికి బదులుగా పోగొట్టుకునేది ఎక్కువ. పెద్ద కాయిల్ తన బలాన్ని పెద్ద వైశాల్యం మీద పరుస్తుంది కాబట్టి పైపైనే ఉన్న చిన్న దిద్దు మీదుగా కూడా చప్పుడు లేకుండా వెళ్ళిపోగలదు. అదే దిద్దు మీద 6 అంగుళాల కాయిల్ గట్టిగా అరుస్తుంది.

అసలు పొడి ఇసుకలో పోయిన ఆదివారం జారిపడిన వస్తువు ఎంత లోతున ఉంటుంది? చాలాసార్లు జానెడు లోపే. దానికి లోతు పిచ్చి అవసరం లేదు, ఓపిగ్గా నెమ్మదిగా ఊపడం అవసరం.

యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్ళు 15 అంగుళాల కాయిల్‌తో బీచ్ మొత్తం ఊడ్చేస్తున్నారు, మనం ఎందుకు చేయకూడదు?

వాళ్ళ బీచ్ వేరు, మన బీచ్ వేరు. బ్రిస్టల్ చానెల్ లాంటి చోట పెద్ద పోటుకి, పాటుకి మధ్య నీటిమట్టం తేడా 12 మీటర్లు దాటుతుంది. నీళ్ళు వెనక్కి వెళ్ళినప్పుడు కిలోమీటరు పొడవునా తడి ఇసుక బయటపడుతుంది, ఆరు గంటల్లో మళ్ళీ మునిగిపోతుంది. అలాంటి మైదానంలో వెడల్పాటి కాయిల్‌కి అర్థం ఉంది. చెన్నైలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా ఆ తేడా మీటరుకి అటూ ఇటూ. మనకి దొరికే తడి ఇసుక ఒక సన్నని పట్టీ, అదీ వాలుగా, అల వచ్చి మోకాళ్ళు తడిపిపోయే చోట. ఆ పట్టీని 11 అంగుళాలతో తీరిగ్గా రెండుసార్లు చూసినా సమయం మిగులుతుంది. వాళ్ళ వీడియోలు చూసి వాళ్ళ కాయిల్ కొనడం వల్లే ఇక్కడ ఎంతోమంది మొదటి నెలలోనే విసిగి మెషిన్ అటకెక్కిస్తున్నారు.

డీడీ అంటే ఏంటి, కాన్సెంట్రిక్ అంటే ఏంటి? బీచ్‌కి ఏది?

కాన్సెంట్రిక్‌లో ఒక చుట్ట లోపల ఇంకో చుట్ట ఉంటుంది. దాని చూపు గరాటులా కిందికి పోయేకొద్దీ ఇరుకైపోతుంది, అంటే లోతున ఉన్న వస్తువు మీదుగా సరిగ్గా మధ్య భాగం వెళ్ళకపోతే తప్పిపోతుంది. డీడీలో రెండు చుట్టలు మధ్యలో ఒకదాని మీదికొకటి వస్తాయి, ఆ కలిసే చోట ముందు నుంచి వెనక వరకు సన్నని పట్టీగా పని జరుగుతుంది. ఖనిజాలున్న నేల తెచ్చే గోల డీడీకి తక్కువ. ఉప్పు తడి, నల్ల ఇసుక రెండూ ఉన్న మన తీరానికి డీడీయే సరైనది.

ఒక లోపం మాత్రం తెలిసి ఉండాలి. సీసా మూతల్లాంటి బల్లపరుపు ఇనుప ముక్కలు డీడీకి మంచి లోహంలా వినపడతాయి. అనుమానం వస్తే కాయిల్‌ని మెల్లగా మీ వైపు లాగుతూ, దాని ముందు అంచు ఆ వస్తువుని దాటే వరకు ఊపండి. మూత అయితే ఆ అంచు దగ్గర శబ్దం విరిగిపోయి గరగరమంటుంది, ఉంగరం అయితే శుభ్రంగానే ఉంటుంది. ప్రతిసారీ నిజమవుతుందని కాదు, కానీ చాలా తవ్వకాలు తప్పిస్తుంది.

పొడి ఇసుకలో బాగానే ఉన్న మెషిన్ తడి ఇసుకలోకి రాగానే పిచ్చి పట్టినట్టు అరుస్తోంది. కాయిల్ పాడైందా?

కాయిల్ బాగానే ఉంది. ఉప్పు నీరు కరెంటుని మోస్తుంది, కాబట్టి తడి ఇసుక మొత్తం మెషిన్‌కి ఒక పెద్ద బలహీనమైన లోహపు పలకలా కనిపిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మెషిన్లకి ఇది పెద్ద తలనొప్పి. గారెట్ ఏస్ సిరీస్‌లో చాలావరకు, 15 కిలోహెర్ట్జ్ మీద నడిచే ఏటీ ప్రో, నోక్టా సింప్లెక్స్ ఈ కోవలోవే. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్, వాన్‌క్విష్, నోక్టా లెజెండ్ లాంటివి ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడి, ఉప్పు సిగ్నల్‌ని పోల్చి తీసేస్తాయి. బీచ్ కోసమే కొంటుంటే పెద్ద కాయిల్‌కి పెట్టే డబ్బుని ఇటువైపు పెట్టండి, అదే నా గట్టి సలహా.

ఇప్పటికే సింగిల్ ఫ్రీక్వెన్సీ మెషిన్ ఉంటే ఏం చేయాలి? ఇక్కడే సైజు విషయం మళ్ళీ వస్తుంది. కాయిల్ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ తడి ఇసుకని ఒకేసారి చూస్తుంది, గోల అంత పెరుగుతుంది. సెన్సిటివిటీ (మెషిన్ ఎంత చిన్న సిగ్నల్‌కి పలకాలో చెప్పే సెట్టింగ్) తగ్గించండి, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల తెచ్చే గోలని తీసేసే సర్దుబాటు) ఉంటే తడి ఇసుక మీదే చేయండి, అప్పటికీ ఆగకపోతే చిన్న కాయిల్ వేయండి. సెన్సిటివిటీ బాగా తగ్గించిన 15 అంగుళాల కాయిల్ కన్నా, నిలకడగా నడిచే 6 అంగుళాల కాయిల్ ఎక్కువ వస్తువులు చూపిస్తుంది. ఇంకో మాట, ఉప్పు సిగ్నల్ సన్నని బంగారం సిగ్నల్‌కి చాలా దగ్గరగా ఉంటుంది. ఉప్పుని డిస్క్రిమినేషన్‌తో (అక్కర్లేని రకం సిగ్నల్స్ వినపడకుండా చేసే సెట్టింగ్) నోరు మూయిస్తే సన్నని గొలుసు, ముక్కుపుడక కూడా దాంతోపాటే మాయం.

అలలు వెళ్ళాక ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి, అక్కడ ఏ కాయిల్?

అవి బరువైన ఖనిజాలు, మాగ్నటైట్, ఇల్మనైట్ లాంటివి. తేలిక ఇసుకని అల లాక్కుపోతే ఇవి మిగులుతాయి. బరువైనవి ఆగే చోటే బంగారం కూడా ఆగుతుంది కాబట్టి ఆ చారల్ని వదలొద్దు. చిన్న లేదా మధ్య సైజు డీడీ వేసి, సెన్సిటివిటీ కొంచెం దించి, మామూలు కన్నా నెమ్మదిగా ఊపండి. పెద్ద కాయిల్ ఇక్కడ ఎక్కువ నల్ల ఇసుకని ఒకేసారి చూసి తడబడుతుంది.

మనవాళ్ళ నగలకి ఏ సైజు బాగుంటుంది?

ఈ ప్రశ్నకి విదేశీ గైడ్లలో జవాబు దొరకదు. వాళ్ళు పెళ్ళి ఉంగరం కోసం వెతుకుతారు, మన దగ్గర పోయేవాటి జాబితా వేరు.

ఉంగరాలు సులువు. గుండ్రంగా మూసుకున్న వలయం కాబట్టి లోహంలో పుట్టే సుడి కరెంటు హాయిగా తిరుగుతుంది, 11 అంగుళాల కాయిల్ బాగా పట్టేస్తుంది. మెట్టెలు కూడా వెండివే కదా, అంతే బలంగా చెప్పాలి కదా అనుకుంటాం. కానీ మెట్టెలు చాలావరకు వేలికి సర్దుకోవడానికి ఒకవైపు తెరిచి ఉంటాయి. వలయం తెగితే కరెంటుకి దారి తెగినట్టే, సిగ్నల్ బాగా బలహీనపడి, లోహం రకాన్ని బట్టి మెషిన్ తెర మీద చూపించే అంకె కిందికి వస్తుంది. వీటికి 6 అంగుళాలు మేలు.

గొలుసులు అన్నిటికన్నా కష్టం. ఎంత పొడవున్నా ప్రతి లింకు విడివిడిగా ఒక చిన్న ముక్కలా కనిపిస్తుంది, గొలుసు మొత్తం ఒక వస్తువుగా కనపడదు. రెండు తులాల సన్నని గొలుసు కన్నా రెండు గ్రాముల ఉంగరం గట్టిగా వినపడుతుంది. అయితే మంగళసూత్రంలో ఒక ఉపకారం ఉంది, గొలుసు వినపడకపోయినా పుస్తెలు వినపడతాయి. అవి బిళ్ళల్లాంటివి, వెడల్పు ఉంటుంది. నల్లపూసల గొలుసులో ఆ అవకాశం తక్కువ, లాకెట్టో, కొక్కెమో మాత్రమే చిన్నగా పలుకుతుంది. కాళ్ళ పట్టీల్లో మువ్వలు, మర ఉన్న భాగం సిగ్నల్ ఇస్తాయి. ముక్కుపుడక, చెవి దిద్దు వెనక శీల లాంటివాటికి చిన్న కాయిల్ తప్పనిసరి, అదీ ఇసుకకి ఆనించినంత దగ్గరగా ఊపితేనే.

ఈ లెక్కన చూస్తే, మన బీచ్‌ల్లో విలువైనవన్నీ చిన్నవి, సన్నవి. అందుకే రెండో కాయిల్ చిన్నదే కొనమని పట్టుబడుతున్నాను.

మెరీనాలో అడుగడుగునా చెత్తే. ఎలా?

బజ్జీల బండ్లు, సుండల్ కొట్లు, బెలూన్లు కాల్చే ఆటల దగ్గర 11 అంగుళాల కాయిల్ కింద ఒకేసారి రెండు మూడు వస్తువులు పడతాయి. ఒక మేకు, ఒక ఉంగరం పక్కపక్కన ఉంటే పెద్ద కాయిల్ రెంటినీ కలిపి ఒక అయోమయపు శబ్దం చేస్తుంది, డిస్క్రిమినేషన్ పెట్టి ఉంటే ఇనుము పేరుతో ఉంగరాన్ని కూడా మింగేస్తుంది. చిన్న కాయిల్ రెంటినీ విడదీసి చెప్తుంది. సంక్రాంతి వెళ్ళాక కాణుం పొంగల్ రోజు మెరీనాకి వచ్చే జనం సంగతి చెన్నైలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ మర్నాటి నుంచి 6 అంగుళాల కాయిల్‌తో బండ్ల వెనక భాగం, పిల్లల్ని కూర్చోబెట్టి తిన్న చోట్లు చూడండి.

వినాయక నిమజ్జనం తర్వాత పట్టినపాక్కం, నీలాంకరై వైపు విగ్రహాల చట్రాల మేకులు, బైండింగ్ తీగలు ఇసుకలో చాలాకాలం ఉంటాయి. అక్కడా అదే పద్ధతి. జాలర్ల కుప్పాల దగ్గర వలల సీసం గుండ్లు దొరుకుతాయి, అవి బంగారం అంకెల్లోనే పలుకుతాయి. మాత్రల స్ట్రిప్ రేకు, సిగరెట్ పెట్టె రేకు, కూల్‌డ్రింక్ డబ్బా రింగు కూడా అంతే. వీటిని అంకె చూసి వదిలేస్తే బంగారాన్ని కూడా వదిలేస్తారు, తవ్వాల్సిందే. తీసిన చెత్తని మళ్ళీ ఇసుకలో వేయకుండా సంచిలో వేసుకెళ్ళండి.

రూపాయి బిళ్ళలు మెషిన్‌కి ఇనుములా ఎందుకు వినిపిస్తున్నాయి? కాయిల్ మారిస్తే సరిపోతుందా?

కాయిల్‌తో సంబంధం లేదు. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు అయస్కాంతానికి అతుక్కునే స్టెయిన్‌లెస్ స్టీలువి, కాబట్టి ఇనుము అంకె గానీ, నిలవకుండా ఎగిరే అంకె గానీ వస్తుంది. పది రూపాయల బిళ్ళ వేరే లోహాలది, బాగా పలుకుతుంది.

మరి 15 అంగుళాల కాయిల్ ఎప్పుడు పనికొస్తుంది?

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ముఖ్యంగా తుఫాను తర్వాత. 2016 డిసెంబరులో వర్దా, 2023 డిసెంబరులో మిచౌంగ్ లాంటివి వచ్చినప్పుడు అలలు ఇసుకని కోసేసి గట్టులా నిలబెడతాయి. అప్పుడు మామూలుగా అందని పొరలు కొద్దిరోజులు పైకి వస్తాయి, ఇసుక తిరిగి పేరుకునే లోపు ఎక్కువ చోటు చూడాలంటే వెడల్పు కాయిల్ సాయపడుతుంది. అది కూడా చెత్త తక్కువగా ఉండే చోట, నీలాంకరై దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంట. సముద్రం పూర్తిగా శాంతించాకే వెళ్ళండి.

మెరీనాలో వెనక భాగంలో లోతుగా వెతికితే బ్రిటిష్ కాలం నాణేలు వస్తాయని 15 అంగుళాలు కొనేవాళ్ళున్నారు. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 19వ శతాబ్దం చివర్లో హార్బర్ గోడలు కట్టాక ఆ ఇసుక దక్షిణం వైపు ఆగి మెరీనా వెడల్పు పెరుగుతూ వచ్చింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. అంటే ఇవాళ మీరు నిలబడే మెరీనా ఇసుకలో చాలా భాగం అప్పట్లో సముద్రమే. ఆ కాలం వస్తువు ఏదైనా అడుగున ఉన్నా ఏ కాయిల్‌కీ అందనంత ఇసుక దాని మీద ఉంది.

బరువు సమస్య అవుతుందా?

అవుతుంది. కాయిల్ కడ్డీ చివర ఉంటుంది కాబట్టి అక్కడ పెరిగిన కొద్దిపాటి బరువు కూడా మోచేతి దగ్గర చాలా ఎక్కువగా తెలుస్తుంది. అలసిపోయిన చెయ్యి ఊపు చివర కాయిల్‌ని పైకి లేపేస్తుంది, రెండంగుళాలు లేచిందంటే పెద్ద కాయిల్ ఇచ్చిన అదనపు లోతు అక్కడే పోయింది.

నీళ్ళలోకి దిగి వెతకొచ్చా?

మెరీనాలో వద్దు. అక్కడి నీళ్ళలోకి దిగొద్దని ఊరికే చెప్పడం లేదు, లోపలికి లాగే ప్రవాహంలో ఎందరో పోయారు. మిగతా చోట్ల కూడా చీలమండ లోతు దాటొద్దు. పెద్ద కాయిల్‌ని అల పట్టుకుని తోస్తుంది, మణికట్టు నొప్పి పుడుతుంది, మీ బ్యాలెన్స్ కూడా పోతుంది. కాయిల్ వాటర్‌ప్రూఫ్ అయినంత మాత్రాన మెషిన్ పెట్టె వాటర్‌ప్రూఫ్ కాదు, కొనేముందు ఆ రెండూ విడివిడిగా అడగండి.

పల్స్ ఇండక్షన్ మెషిన్ (కరెంటుని ఆగి ఆగి పంపే రకం) అయితే ఈ గొడవలన్నీ ఉండవంటున్నారు, నిజమేనా?

ఉప్పు, నల్ల ఇసుక గొడవ చాలావరకు ఉండదు, లోతు కూడా బాగుంటుంది. గారెట్ సీ హంటర్‌కి 8 అంగుళాల కాయిల్ వస్తుంది, అది చాలు. అయితే ఇనుముని నమ్మకంగా వేరు చేయలేదు. ప్రతి మేకూ తవ్వాలి. జనం తక్కువ ఉండే తీరానికి సరే, మెరీనాకి కష్టం.

ఒక కంపెనీ కాయిల్ ఇంకో మెషిన్‌కి పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఒకే కంపెనీలో కూడా సిరీస్ మారితే చాలాసార్లు కుదరదు. ఈక్వినాక్స్‌కి 6 అంగుళాల, 11 అంగుళాల, 15×12 అంగుళాల కాయిళ్ళు ఉన్నాయి, అవి వాన్‌క్విష్‌కి పనికిరావు. సెకండ్‌హ్యాండ్ కాయిల్ కొంటుంటే మెషిన్ తీసుకెళ్ళి బిగించి, తీగ కనెక్టర్ దగ్గర కదిపి చూడండి, శబ్దం వస్తే వద్దు. కాయిల్ కింది కవర్ విప్పి ఇసుక చేరిందేమో చూడటం కూడా అలవాటు చేసుకోండి. అందులో చేరిన తడి నల్ల ఇసుక లేని సిగ్నల్స్ పుట్టిస్తుంది. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి.

ఎక్కడ వెతకకూడదు?

మహాబలిపురం రాతి కట్టడాల చుట్టుపక్కల డిటెక్టర్ బయటికి కూడా తీయొద్దు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత ప్రాంతాల్లో తవ్వడం నేరం. నేలలో దాగిన, పది రూపాయలు మించిన విలువైన నిధి దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కి తెలపాలి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు బెసంట్ నగర్ నుంచి నీలాంకరై దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. గూడు అడుగున్నర లోతు లోపే ఉంటుంది, మీ స్కూప్ (ఇసుక తోడి జల్లించే రంధ్రాల గరిటె) దిగే లోతు అదే. ఆ నెలల్లో చీకటి పడ్డాక వెళ్ళకండి, పగలు కూడా అల తగిలే పట్టీకే ఉండండి, కంచె వేసిన గుడ్ల కేంద్రం దగ్గరికి వెళ్ళొద్దు. అమావాస్యకి తర్పణాలు వదిలే చోట కనిపించే రాగి బిళ్ళలు, పూజ సామాను ముట్టుకోకపోవడం మర్యాద.

నిన్న సాయంత్రం ఎలియట్స్ బీచ్‌లో మా అత్తయ్య పుస్తెల గొలుసు పోయింది. ఏ కాయిల్‌తో వెతకాలి?

ముందు ఆవిడ్ని కూడా తీసుకెళ్ళండి. ఎక్కడ కూర్చున్నారు, చీర కొంగు ఎక్కడ దులిపారు, పిల్లాడిని ఎక్కడ ఎత్తుకున్నారు అని ఆ క్రమంలో నడిపించండి, నిన్న తీసుకున్న ఫోటోలు ఉంటే వెనక కనిపించే బండి, దీపస్తంభం చూసి చోటు తేల్చుకోండి. తర్వాత ఆ చోటుని కాళ్ళతో గీతలు గీసి గళ్ళుగా విడగొట్టండి. 11 అంగుళాల డీడీతో ఒక దిక్కున, డిస్క్రిమినేషన్ పూర్తిగా తీసేసి, ప్రతి ఊపూ ముందటి ఊపు మీద సగం పడేలా వెళ్ళండి. ఇంట్లో ఉన్న అలాంటి ఇంకో పుస్తెని ముందే కాయిల్ కింద పెట్టి ఏ అంకె వస్తుందో చూసుకుంటే చాలా పని తగ్గుతుంది. దొరక్కపోతే 6 అంగుళాలది వేసి అడ్డదిక్కున మళ్ళీ మొదలుపెట్టండి. ఫోన్ జేబులో కాకుండా సంచిలో దూరంగా పెట్టండి, లైట్ల స్తంభాల దగ్గర గోల ఎక్కువైతే మెషిన్‌లోని నాయిస్ క్యాన్సిల్ ఒకసారి నొక్కండి. స్కూప్‌తో తవ్వితే ఇసుక జల్లించేటప్పుడు సన్నని గొలుసు రంధ్రాల్లోంచి జారిపోవచ్చు, అందుకని సిగ్నల్ వచ్చిన చోట చేత్తో తీసి ప్లాస్టిక్ టబ్బులో పోసి చూడండి. పుస్తె ఒక్కటే దొరికితే ఆగిపోకండి, తెగిన గొలుసు, రెండో పుస్తె ఆ చుట్టుపక్కల మీటరు లోపలే ఉండే అవకాశం ఎక్కువ.